అంగడి పైన ఇల్లు

నాదిర్ అంటే అరుదైనది, గుల్ అంటే పువ్వు. ఈ రెండు పారశీక పదాలు కలిసినట్టు వినిపించే నాదర్‌గుల్, ఇబ్రహీంపట్నం వైపు పొలాల నడుమ ఒదిగిన పల్లెగా ఉన్న రోజుల్లో నగరవాసికి ఆ పేరుతో పెద్దగా పని పడేది కాదు. చిన్న విమానాలు ఎగిరే శిక్షణ మైదానం, ఇంజనీరింగ్ కళాశాలలు, అంతే. ఇప్పుడు కర్మన్‌ఘాట్, బడంగ్‌పేటల మీదుగా నగరమే అక్కడికి నడిచి వచ్చింది. అటు ఆదిబట్లలో విమాన విడిభాగాల కర్మాగారాలు, సాఫ్ట్‌వేర్ కార్యాలయాలు వెలిశాయి. బాహ్య వలయ రహదారి చేరువయింది. పంచాయతీ పోయి పురపాలన వచ్చింది. ఎకరాల్లో కొలిచిన నేలను గజాల్లో కొలుస్తున్నారు.

ఈ గజాల లెక్కలో రెండింటికి చోటు దొరకడం లేదు. ఒకటి అంగడి, రెండవది ఆ అంగడిని నమ్ముకొని బతికే మనిషి ఇల్లు. లేఅవుట్ నక్షాలో ఉద్యానవనం ఉంటుంది, నలభై అడుగుల బాట ఉంటుంది, బడికి స్థలం కూడా అప్పుడప్పుడు కనిపిస్తుంది. కూరగాయల బండి ఎక్కడ నిలవాలో ఆ నక్షా చెప్పదు. బండి తోసే వ్యక్తి రాత్రి ఎక్కడ పడుకుంటాడో అసలే చెప్పదు. ఇళ్లన్నీ లేచాక బండి ఎలాగూ వస్తుంది, రోడ్డు మలుపులో నిలుస్తుంది, రాకపోకలకు అడ్డమని నిందపడుతుంది, ఒకనాడు తొలగింపబడుతుంది. మన శివారు కాలనీలన్నిటి చరిత్ర ఇదే. అందుకే, ఖాళీ నేల ఇంకా మిగిలి ఉన్న నాదర్‌గుల్ వంటి చోటును ముందుంచుకొని, అంగడినీ శ్రామికుల నివాసాన్నీ ఒకే కప్పు కిందికి తేవడం గురించి ఈ నెల ముచ్చటించదలిచాము.

కాయగూరల, పండ్ల వ్యాపారానికి గడియారం వేరు. సరుకు లారీలు రాత్రివేళ వస్తాయి. దించే హమాలీకి పని అర్ధరాత్రి దాటాక మొదలవుతుంది. తూకం, వేలం తెల్లవారకముందే ఊపందుకుంటాయి. చిల్లర వ్యాపారులు సరుకెత్తుకొని ఎండ ముదరకముందే వీధుల్లో ఉండాలి. ఆ వేళకు సిటీ బస్సు ఉండదు, మెట్రో రైలు ఉండదు. ఆటోకు పెట్టే డబ్బు ఆనాటి లాభంలోంచి పోవాలి. కొత్తిమీర కట్టలమ్మే తల్లి వంట ఎప్పుడు చేయాలి, పిల్లలను బడికి ఎవరు పంపాలి? సాయంత్రం మిగిలిన టమాటా బుట్టను ఎక్కడ దాచాలి? ఇల్లు పక్క వీధిలో ఉంటే ఈ ప్రశ్నలు పుట్టనే పుట్టవు. ఇల్లు 20 కిలోమీటర్ల దూరాన ఉంటే వీటికి జవాబే లేదు.

జవాబు లేని చోట మనిషి తనకు తోచిన దారి వెతుక్కుంటాడు. షెడ్డు మూలన గోనెపట్టా పరుచుకుంటాడు. గోదాము అటకపైకి ఎక్కుతాడు. దుకాణం మూసిన తర్వాత అందులోనే నిద్రిస్తాడు. కాబట్టి శ్రామికుడు అంగడి పైన నివసించడం మంచిదా కాదా అన్న చర్చకు అర్థం లేదు. అతడు ఇప్పటికే నివసిస్తున్నాడు. దొంగచాటుగా, కిటికీ లేకుండా, ఒకే ఒక్క మెట్ల దారితో నివసిస్తున్నాడు. ఆ నివాసాన్ని మనం ఒప్పుకొని సవ్యంగా కడతామా, లేక చూసీ చూడనట్టు ఊరుకుంటామా అన్నదే అసలు ప్రశ్న.

ఊరుకుంటే ఏమవుతుందో మన నగరమే చూపించింది. 2022 మార్చి 23వ తేదీ తెల్లవారుజామున సికింద్రాబాదు బోయిగూడలోని తుక్కు గోదాములో మంటలు లేచాయి. కింద సరుకు, పైన కూలీల పడక. బీహారు నుంచి పొట్ట చేతపట్టుకొని వచ్చిన 11 మంది అక్కడికక్కడే కన్నుమూశారు. 2023 నవంబరులో నాంపల్లి బజార్‌ఘాట్‌లో ఒక నివాస భవనం అడుగు అంతస్తులో నిల్వ ఉంచిన రసాయనాలు అంటుకొని, పై అంతస్తుల్లోని వారు ఊపిరాడక ప్రాణాలు విడిచారు. 2025 మే 18న చార్మినారుకు కూతవేటు దూరంలోని గుల్జార్ హౌజ్ దగ్గర, కింద దుకాణాలు పైన ఇల్లుగా ఉన్న పాత కట్టడంలో, ఒకే కుటుంబానికి చెందిన 17 మంది పొగకు బలయ్యారు. వారిలో 8 మంది పిల్లలు. పొరుగున ఉన్న గాజుల వ్యాపారులు షట్టరు విరిచి, గోడ పగలగొట్టి లోనికి చొరబడ్డారు. ముందున్న ఇరుకు దారి తప్ప వేరే దారి లేకపోవడమే అందుకు కారణం.

ఈ మూడు ఘటనలు చదివిన వారు, వ్యాపారాన్నీ నివాసాన్నీ వేరు చేయడమే క్షేమమని తేల్చవచ్చు. అధికారులలో చాలామంది ఆలోచన కూడా అదే. మేము దానితో ఏకీభవించలేము. ప్రాణాలు తీసినది కింద అంగడి ఉండటం కాదు. మండే సరుకుకూ నిద్రించే మనుషులకూ మధ్య సరైన అడ్డుగోడ లేకపోవడం, రెండవ మెట్ల దారి లేకపోవడం. ఇవి కట్టేవాడి తప్పులు, కట్టనిచ్చినవాడి తప్పులు. అంగడి పైన ఇల్లు కట్టుకున్న సంప్రదాయం తప్పు కాదు.

ఆ సంప్రదాయం మన నగరానికి పరాయిది కూడా కాదు. 1908 సెప్టెంబరులో మూసీ ఉప్పొంగి వేలాది ప్రాణాలను, ఇళ్లను తుడిచిపెట్టిన తర్వాత, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ఇరుకు బస్తీలను తొలగించి గాలి, వెలుతురు వచ్చే ఇళ్లు కట్టడం దాని ముఖ్య విధి. మల్లేపల్లి, ఖైరతాబాదు వంటి చోట్ల నేటికీ చిరునామాల్లో నిలిచిన సి.ఐ.బి. క్వార్టర్స్ అన్న పేరు ఆ బోర్డుదే. ఆ తొలి దశాబ్దాల కట్టడాల్లో ప్రసిద్ధమైనది పత్తర్‌గట్టి. చార్మినారు వైపు సాగే దారికి ఇరువైపులా రాతి కమానులు, వాటి కింద నీడలో నడిచే బాట, లోపల దుకాణాలు, పై అంతస్తులో నివాసాలు. పండుగ బట్టలు కొనడానికి ప్రతి ఏటా ఆ కమానుల కింద నడిచే మన కుటుంబాలలో ఎందరు తల పైకెత్తి ఆ కిటికీలను చూసి ఉంటారో! 1935లో వెలసిన మోజంజాహీ మార్కెట్‌కు ఆ పేరు వచ్చింది, బోర్డుకు అధ్యక్షత వహించిన ఏడవ నిజాం రెండవ కుమారుడి వల్లనే. అంటే, అంగడి కట్టడమూ ఇళ్లు కట్టడమూ అప్పట్లో ఒకే కార్యాలయం బల్లమీద నడిచిన పనులు. ఇప్పుడు మార్కెటింగ్ శాఖ వేరు, గృహనిర్మాణ సంస్థ వేరు, పురపాలక విభాగం వేరు. మూడు కార్యాలయాలకు మూడు ఫైళ్లు.

పత్తర్‌గట్టి పక్కనే మరొక నిదర్శనం ఉంది. బట్టల కొనుగోలుకు వెళ్ళి అందరూ చూసే మదీనా బిల్డింగ్ అది. 1940లలో అల్లాదీన్ కుటుంబం వక్ఫ్‌గా నెలకొల్పిన ఈ సముదాయంలో కింద దుకాణాలు, పైన నివాసాలు. వచ్చే అద్దె పవిత్ర మదీనా నగరంలోని పేదల కోసం ఉద్దేశించినది. చమురు సంపద ఇంకా చేరని ఆ కాలంలో హిజాజ్ ప్రజల ఆకలికి హైదరాబాదు దుకాణాల అద్దె తోడ్పడింది. ఆ పేరు వెనుక ఉన్న కథ ఇదని నేటి పిల్లలకు చెప్పేవారే తక్కువ.

ఈ పద్ధతికి మూలం ఇంకా దూరాన ఉంది. కైరోలో మమ్లూక్ సుల్తాను ఖాన్సూహ్ అల్ గౌరీ 1504-05లో కట్టించిన వకాలా నేటికీ నిలిచి ఉంది. నడుమ విశాలమైన వాకిలి, చుట్టూ ఐదు అంతస్తులు. కింది రెండింటిలో సరుకుల నిల్వ, బేరసారాలు. పై మూడింటిలో అద్దె నివాసాలు. అటువంటి నివాసాల వరుసను అక్కడ రబ్ అనేవారు. సొంత ఇల్లు కొనలేని చేతిపనివారు, చిరువ్యాపారులు ఆ నగరంలో ఇలాంటి రబ్‌లలో అద్దెకుండేవారు. వాటికి సాధారణంగా వీధి నుంచి వేరే ద్వారం ఉండేది. వర్తకుల గుంపు గుండా ఇంటి స్త్రీలు, పిల్లలు నడవవలసిన అవసరం లేదు. ఇలాంటి భవనాలు చాలావరకు వక్ఫ్‌కు అనుబంధాలు. అద్దె వస్తే మదర్సా నడుస్తుంది, మస్జిద్‌లో దీపం వెలుగుతుంది. మండే సరుకు, రాకపోకల ద్వారం, అద్దె ఆదాయం ఈ మూడింటి గురించీ 500 ఏళ్ల క్రితమే ఎవరో కూర్చొని ఆలోచించారన్నమాట.

ఇక మన దగ్గర ఇటీవల జరిగింది చూద్దాం. మోజంజాహీ మార్కెట్ ప్రాంతంలో సాగిన టోకు పండ్ల వ్యాపారం 1980లలో కొత్తపేట వద్దనున్న గడ్డిఅన్నారానికి తరలింది. దాదాపు 22 ఎకరాల ఆవరణ. మామిడి కాలంలో ఆ వీధులన్నీ పరిమళించేవి. ఏజెంట్లు, గుమాస్తాలు, హమాలీలు, గడ్డి పరిచి పెట్టెలు కట్టేవారు, టీ కొట్లవారు ఆ చుట్టుపక్కల బస్తీల్లో అద్దెకు ఇళ్లు చూసుకున్నారు. ఒక తరం అక్కడే పెరిగింది. 2020 వేసవిలో, కోవిడ్ రోజుల్లో, రద్దీ తగ్గించడానికి మార్కెట్‌ను కొహెడకు తాత్కాలికంగా మార్చారు. మే మొదటి వారంలోనే గాలివానకు అక్కడి షెడ్లు కూలి పలువురు గాయపడ్డారు. 2021 చివరలో గడ్డిఅన్నారం మార్కెట్ మూతపడింది. వ్యాపారం విజయవాడ రహదారి మీది బాటసింగారానికి పోయింది. వ్యాపారులు హైకోర్టు మెట్లెక్కారు. 2022లో పాత షెడ్లు నేలమట్టమయ్యాయి, ఏప్రిల్ 26న అక్కడ పెద్దాసుపత్రికి శంకుస్థాపన జరిగింది.

ఆసుపత్రి అక్కరలేదని ఎవరూ అనరు. మేమూ అనము. నగరం నడిబొడ్డున లారీల రద్దీ ఎల్లకాలం సాగదన్నదీ నిజమే. అయితే తరలింపు ఉత్తర్వుల్లో సరుకు గురించి ఉంది, షెడ్ల గురించి ఉంది, లారీలు నిలిపే స్థలం గురించి ఉంది. కొత్తపేటలో ఇల్లు, బాటసింగారంలో పని అయిపోయిన హమాలీ గురించి ఆలోచించిన జాడ కనబడదు. ఏజెంటుకు కారు ఉంది. హమాలీకి కాళ్లున్నాయి. ఆ తరలింపు అసలు భారం ఎవరి మీద పడిందో దీన్నిబట్టి ఊహించవచ్చు.

ఇళ్ల వైపు నుంచి చూసినా ఇదే చీలిక. 2015 నవంబరులో బోయిగూడలోని ఐ.డి.హెచ్. కాలనీలో 396 రెండు పడకగదుల ఇళ్లు ప్రారంభమయ్యాయి. శిథిలమైన పాత ఇళ్ల చోటనే కొత్తవి కట్టి, ఆ కుటుంబాలకే ఇచ్చారు. రైల్వే స్టేషను, మోండా మార్కెట్ దగ్గరే ఉన్నాయి గనుక ఎవరి పనీ పోలేదు. ఇది మంచి ఆరంభం. నగరానికి లక్ష ఇళ్లు అన్న లక్ష్యం ముందుకొచ్చేసరికి మాత్రం నేల దొరికిన చోటికల్లా ఇళ్లు పోయాయి. 2023 జూన్‌లో ప్రారంభమైన కొల్లూరు సముదాయంలో 15,660 ఇళ్లున్నాయి. ఒక్క చోట అన్ని ఇళ్లు కట్టడం చిన్న విషయం కాదు. కానీ పాతబస్తీ నుంచి అక్కడికి దాదాపు 30 కిలోమీటర్లు. లాటరీలో ఇల్లు వచ్చిన కుటుంబం సంతోషంతో తాళంచెవి అందుకొని, నెల తిరగకుండా పని వెతుక్కుంటూ పాత అద్దె గదికి తిరిగి వస్తే ఎవరిని తప్పుపట్టాలి? ఖాళీగా పడి ఉన్న ఇళ్లు, అద్దెకిచ్చిన ఇళ్లు తనిఖీల్లో బయటపడినప్పుడు లబ్ధిదారుల నిజాయితీని శంకించారు. బస్సు వేళలను ఎవరూ శంకించలేదు. ఇప్పుడు నడుస్తున్న ఇందిరమ్మ ఇళ్ల పథకం 5 లక్షల రూపాయల సాయం అందిస్తుంది. సొంత జాగా ఉన్నవారికి అది వరమే. నాదర్‌గుల్‌లో గజం ధర తెలిసిన బండివాడికి ఆ మొదటి షరతు దగ్గరే దారి మూసుకుపోతుంది.

పరదేశాల అనుభవం నుంచి ఏమైనా నేర్చుకోగలమా? సింగపూరు ప్రభుత్వం 1971 నుంచి 1986 వరకు వీధి వర్తకులను దశలవారీగా నీళ్లు, మురుగు కాలువలు, విద్యుత్తు ఉన్న హాకర్ కేంద్రాల్లోకి చేర్చింది. చాలా కేంద్రాలు ప్రభుత్వ గృహ సముదాయాల మధ్యే ఉన్నాయి. మన తెలుగువారు, తమిళులు ఎక్కువగా తిరిగే లిటిల్ ఇండియాలోని టెక్కా కేంద్రం 1982 నాటిది. కింద చేపలు, మాంసం, కూరగాయలు, భోజనశాలలు. ఆ ఆవరణలోనే ప్రభుత్వం కట్టిన ఇళ్లు. చెప్పుకోదగిన ఏర్పాటు. అయితే ఆ దేశం ఈ సౌకర్యాన్ని తన పౌరులకూ శాశ్వత నివాసులకూ పరిమితం చేసింది. మన జిల్లాల నుంచి అక్కడికి కూలికి వెళ్ళిన వారి పడకలు దూరపు డార్మిటరీల్లోనే. 2020లో అక్కడ కోవిడ్ ఎక్కువగా పాకింది ఆ డార్మిటరీల్లోనే. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో 2014లో తెరిచిన మార్కెట్ భవనం మరొక ఉదాహరణ. అంగడి మీద కమానులా వంగిన కట్టడంలో 228 ఇళ్లు. చూడటానికి కన్నులపండువే గానీ, ఆ ఇళ్లు కింద మూట మోసేవాడి కోసం కట్టినవి కావు. అంగడి పైన ఇల్లు కట్టినంత మాత్రాన అందులో శ్రామికుడు ఉంటాడని కాదు. అద్దె ఎంత, అర్హత ఎవరికి అన్నవి ముందే రాసుకోకపోతే ఆ ఇంట్లోకి మరొకరు వస్తారు.

మన దేశంలో అన్నిటికంటే దగ్గరి పాఠం ముంబయి భేండీ బజారు. దావూదీ బొహ్రా సమాజపు ట్రస్టు ఒకటి 2009లో పూనుకొని, 16.5 ఎకరాల్లోని శిథిల భవనాల స్థానంలో కొత్త కట్టడాలు చేపట్టింది. దాదాపు 3,200 కుటుంబాలు, 1,250 దుకాణాలు. ఇంటివారికి ఇల్లు, దుకాణదారుకు దుకాణం అక్కడే తిరిగి ఇవ్వాలన్నది నియమం. దుకాణాన్ని ఒక దిక్కుకు, ఇంటిని మరొక దిక్కుకు పంపకూడదన్న పట్టుదల మెచ్చదగినది. పని మాత్రం ఏళ్ల తరబడి సాగింది. 2017 ఆగస్టు 31న, ఇంకా ఖాళీ కాని ఒక పాత భవనం కూలి 33 మంది మరణించారు. నివసిస్తున్న చోటును కూల్చి మళ్ళీ కట్టడం అంత కష్టం. ఖాళీ నేల ఉండగానే సరిగా గీసుకోవడం ఎంత సులువో దీని పక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

గీసేటప్పుడు ఏమేమి చూడాలి? కట్టడం గురించి మాట్లాడేవారు ముందుగా ముఖద్వారం అందం గురించి మాట్లాడతారు. మేము మురుగు కాలువతో మొదలుపెడతాము. చేపల నీరు, కోళ్ల దుకాణాల వ్యర్థం, కడిగిన కాయల మట్టి ఒకే కాలువలో కలిస్తే పై అంతస్తులో ఎవరూ ఉండలేరు. మాంసం, చేపల విభాగం నివాసాల కింద కాకుండా, గాలి వాలును చూసి ఆవరణలో ఒక పక్కగా విడి కప్పు కింద ఉండాలి. దానికి వేరే నీటి గొట్టాలు, వేరే కాలువ, శీతల గది అవసరం. కుళ్ళిన కాయగూరల సంగతి మరొకటి. బోయినపల్లి మార్కెట్‌లో రోజుకు దాదాపు 10 టన్నుల వ్యర్థం నుంచి 500 యూనిట్ల వరకు విద్యుత్తు తీసే బయోగ్యాస్ కేంద్రం నడిచింది. తార్నాకలోని మన రసాయన సాంకేతిక సంస్థ పరిజ్ఞానమే దానికి ఆధారం. పైన ఇళ్లున్న చోట అలాంటి కేంద్రం పెడితే మెట్ల దీపాలకూ నీళ్ల మోటారుకూ ఆ విద్యుత్తు పనికొస్తుంది. అంతకన్నా ముఖ్యంగా, చెత్త సాయంత్రానికి అక్కడి నుంచి కదులుతుంది.

తర్వాతది లారీ. సరుకు దించే వాకిలి పిల్లలు ఆడే వైపున ఉండరాదు. కింది అంతస్తు ఎత్తుగా ఉండి, రెండు పక్కలా గాలి ఆడాలి. అంగడికీ మొదటి నివాస అంతస్తుకూ మధ్య ఒక అంతస్తును లెక్కల గది, పిల్లల సంరక్షణ కేంద్రం, ప్రాథమిక చికిత్స, నమాజుకూ విశ్రాంతికీ ఒక గది వంటి పగటి పనులకు వదిలితే చప్పుడూ వాసనా పైకి పోవడం తగ్గుతుంది. ఆ అంతస్తు నేల నిప్పును గంటల తరబడి ఆపగలిగేంత మందంగా ఉండాలి. ఖాళీ పెట్టెలు, గడ్డి, అట్టలు, ప్లాస్టిక్ క్రేట్లు నివాసాల కింద రాత్రిపూట నిల్వ ఉండకూడదు. వాటికి దూరంగా వేరే కొట్టం కట్టాలి. ప్రతి ఇంటి నుంచి రెండు వేర్వేరు మెట్ల వరుసలకు దారి ఉండాలి, రెండూ అంగడిలోకి కాక నేరుగా వీధిలోకి దిగాలి. కైరో రబ్‌లకు వేరే ద్వారం పరదా కోసం, మర్యాద కోసం పెట్టారు. మనకు దానితోపాటు ప్రాణరక్షణ కోసం కూడా కావాలి.

ఇళ్లన్నీ ఒకే కొలతలో ఉండనవసరం లేదు. కుటుంబంతో ఉండేవారికి రెండు గదులు, ఒంటరిగా వచ్చిన వలస కూలీకి నలుగురు పంచుకునే గది, భర్త లేని వ్యాపారిణికి పిల్లల కేంద్రం దగ్గర ఇల్లు. నిజానికి మార్కెట్‌లో స్త్రీల కష్టాలలో మొదటిది మరుగుదొడ్డి. తెల్లవారుజామున వచ్చి రాత్రి దాకా కూర్చునే ఆమె నీళ్లు తాగడం మానుకుంటుంది. ఇల్లు పై అంతస్తులో ఉన్న స్త్రీకి ఆ గతి పట్టదు.

డబ్బు మాటకు వద్దాం. శ్రామికుల ఇంటి అద్దెతోనే భవనం బాగోగులు నడవాలంటే అది కుదరదు. సొంతానికి రాసిస్తే కొన్నేళ్లలో చేతులు మారుతుంది. మధ్యేమార్గం వక్ఫ్ ఆలోచనలోనే ఉంది. వక్ఫ్ ఆస్తి అమ్ముడుపోదు, దాని ఫలం మాత్రమే పంచబడుతుంది. ఆ ఫలంలోనూ మొదటి ఖర్చు ఆ కట్టడం మరమ్మతుకేనని మన ఫుఖహాలు చెప్పారు. దుకాణాల, శీతల గదుల, వాహనాల నిలుపుదల రాబడిలోంచి ముందుగా లిఫ్టు, నీటి ట్యాంకు, అగ్నిమాపక యంత్రాల నిర్వహణకు తీసి, మిగిలినదానితో పై ఇళ్ల అద్దెను తగ్గించవచ్చు. పురపాలక సంస్థ కట్టినా, మార్కెట్ కమిటీ కట్టినా ఈ సూత్రం వర్తిస్తుంది. ఇక మన వక్ఫ్ భూముల విషయం. ఏళ్ల నాటి నామమాత్రపు అద్దెకు దుకాణాలు అనుభవిస్తూ, అదే వక్ఫ్ ఆదాయం చాలడం లేదని సభల్లో వాపోయే పెద్దమనుషులు మనలోనే ఉన్నారు. మదీనా బిల్డింగ్ కట్టించినవారు ఈ పరిస్థితిని ఊహించి ఉండరు.

చట్టాలూ పథకాలూ బొత్తిగా లేవనలేము. 2014 నాటి వీధి విక్రేతల చట్టం ప్రకారం ప్రతి పట్టణంలో విక్రయ కమిటీ ఉండాలి. అందులో కనీసం 40 శాతం మంది విక్రేతలే, వారిలో మూడింట ఒక వంతు స్త్రీలు. విక్రేతల సర్వే ఐదేళ్లకోసారి జరగాలి. వారికి స్థలం కేటాయించేటప్పుడు పట్టణ జనాభాలో 2.5 శాతం దాకా లెక్కలోకి తీసుకోవచ్చు. కేంద్రం 2020లో వలస కార్మికుల అద్దె గృహాల పథకాన్ని ప్రకటించింది. 2024లో మొదలైన పట్టణ ఆవాస యోజన రెండవ దశలో అద్దె గృహాలకు ప్రత్యేక విభాగమే ఉంది. విక్రేతల చట్టం అంగడిని చూస్తుంది, ఆవాస పథకం ఇంటిని చూస్తుంది. రెండింటినీ ఒకే స్థలంలో కలపవద్దని ఏ చట్టమూ చెప్పడం లేదు.

నాదర్‌గుల్ వైపు ఈ కలయికకు ఇప్పుడు రెండు అవకాశాలున్నాయి. పెద్దది కొహెడ. టోకు పండ్ల మార్కెట్‌కు శాశ్వత స్థలంగా అక్కడ మొదట 178 ఎకరాలు చూపారు. నాదర్‌గుల్ నుంచి అది మరీ దూరం కాదు. ఆ మార్కెట్ గురించి వచ్చే వార్తల్లో శీతల గిడ్డంగుల సామర్థ్యం, లారీల పార్కింగ్, ఎగుమతుల ప్రస్తావన పుష్కలం. హమాలీ ఇల్లు, చిల్లర వ్యాపారి ఇల్లు అన్న మాటలు అరుదు. 178 ఎకరాల్లో ఐదెకరాలు నివాసాలకు కేటాయిస్తే వేలం షెడ్లకు వచ్చే లోటేమీ లేదు. రెండవది చిన్నది, కానీ మన చేతికందేది. లేఅవుట్లు వేసినప్పుడు ప్రజావసరాలకు వదిలిన ఖాళీ జాగాలు పురపాలక సంస్థ పేరిట ఉన్నాయి. అన్నిటినీ కట్టడాలతో నింపాలని మేము అనడం లేదు, పిల్లలకు ఆటస్థలం కావాలి. నియమాలు ఒప్పుకునే జాగా ఏదైనా ఒకటి ఎంచి, 60 దుకాణాలు, వాటి పైన 60 ఇళ్లు కట్టి చూపితే తక్కిన శివారులకు అది కొలబద్ద అవుతుంది.

ఇందుకు చేయవలసిన మొదటి పని పెద్దది కాదు. మీ వార్డులో విక్రయ కమిటీ ఉందా, అందులో బండివారి పేర్లు ఉన్నాయా, సర్వే చివరిసారి ఎప్పుడు జరిగింది అని పురపాలక కార్యాలయంలో రాతపూర్వకంగా అడగండి. మస్జిద్ కమిటీలు జుమా తర్వాత పది నిమిషాలు కేటాయించి, జమాఅత్‌లోని హమాలీలు, తోపుడుబండివారు, కోళ్ల దుకాణాల పనివారు ఎంతమంది, వారి ఇల్లు పనికి ఎంత దూరం, అద్దె ఎంత అన్న వివరాలు ఒక నోటుపుస్తకంలో రాసుకోవచ్చు. ఇమాములు, ముతవల్లులు తలచుకుంటే రెండు శుక్రవారాల పని. కొహెడ నక్షా ఖరారు కాకముందే ఆ నోటుపుస్తకం నకలు మార్కెటింగ్ శాఖకూ, గృహనిర్మాణ సంస్థకూ, పురపాలక కమిషనరుకూ ఒకే రోజున చేరాలి. మూడు చోట్లా ముద్రవేసిన రసీదు తీసుకోవడం మరువవద్దు.